పట్నంలో నిన్ను ఎరిగినవారెవరు?

పరీక్షల ఫలితాలు వచ్చాక మన విచారణల్లో ఏటా ఒక ప్రయాణాల కాలం మొదలవుతుంది. డిగ్రీ ముగించిన అబ్బాయి కోచింగుకని అమీర్‌పేటకు, నర్సింగు చదివిన అమ్మాయి ఆసుపత్రి ఉద్యోగానికని బెంగళూరుకు, పదో తరగతితో చదువు ఆపిన కుర్రవాడు ఏదో ఒక పని దొరకకపోతుందా అని హైదరాబాదుకు బయలుదేరుతుంటారు. ఆదివారం పూజ అయ్యాక ఫాదరుగారి దీవెన తీసుకొని, సాయంత్రానికి బస్టాండులో సంచులతో నిలబడి ఉంటారు. ఇంట్లో అప్పటికే చాలా లెక్కలు చూసుకొని ఉంటారు. హాస్టలు ఫీజు ఎంత, భోజనం ఎలా ఉంటుంది, జీతం ఏ తారీకున ఇస్తారు, క్రిస్మసుకు సెలవు దొరుకుతుందా? ఇవన్నీ చూసుకోవలసినవే. అయితే ఒక ప్రశ్న అడిగే ఇల్లు మాత్రం తక్కువ. రాత్రి పది దాటినా నువ్వు గదికి రాకపోతే, ఆ సంగతి గమనించే మనిషి ఆ ఊళ్ళో ఒక్కరైనా ఉన్నారా?

ప్రియ పాఠకులారా, ఈ వారం ఈ ప్రశ్నను గురించే ఆలోచిద్దాం. పైకి ఇది జాగ్రత్తకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. కాస్త లోతుకు వెళితే ఇది నీతికి సంబంధించిన ప్రశ్న అని కూడా తెలుస్తుంది. ఎవరికీ తెలియకుండా బ్రతికే హక్కు మనిషికి ఉందా? తన ఆచూకీ తనవారికి చెప్పవలసిన బాధ్యత ఉందా? ఉంటే, ఆ బాధ్యత ఎంతవరకు?

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. ఊరు విడిచి వెళ్ళటం తప్పు కాదు. దేశంలో ఎక్కడికైనా తిరగటానికి, ఎక్కడైనా నివసించి స్థిరపడటానికి మన రాజ్యాంగం 19వ అధికరణంలో ప్రతి పౌరునికీ హక్కు ఇచ్చింది. నాలుగవ ఆజ్ఞ తల్లిదండ్రులను గౌరవించమంటుంది గాని, వారి గడప దాటవద్దని అనదు. అబ్రాహాము హారాను విడిచిపెట్టినప్పుడు అతని వయసు 75 ఏళ్ళు. యాకోబు ఒంటరిగా పోతూ, పొద్దుగూకిన చోట రాతిని తలక్రింద పెట్టుకొని పడుకున్నాడు. పవిత్ర గ్రంథంలో సగంమంది ప్రయాణంలోనే కనిపిస్తారు. కనుక బిడ్డను ఆపటానికి ఆజ్ఞను అడ్డుపెట్టుకోవటం నాకు సబబుగా తోచదు.

మంచం పట్టిన తండ్రి, చూసే దిక్కులేని తల్లి ఉన్న ఇంటి సంగతి వేరు. కన్నవారిని పోషించవలసిన బాధ్యతను 2007లో చట్టం కూడా చేశారు. కాని చట్టం డబ్బు ఇప్పించగలదు, అంతే. అటువంటి ఇంట్లో ఒకరు బయలుదేరే ముందు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి కూర్చొని ఎవరు ఏ భారం మోస్తారో పైకి చెప్పుకోవాలి. నెలనెలా డబ్బు పంపటం ఒక పని. అర్ధరాత్రి లేచి గ్లాసుతో నీళ్ళు అందించటం మరొక పని. డబ్బు పంపినవారి పేరే ఊరంతా చెప్పుకుంటుంది. నీళ్ళు అందించిన చెల్లెలి పేరు ఎవరికీ గుర్తుండదు. వెళ్ళేవారు ఈ అన్యాయాన్ని గమనించి వెళ్ళాలి.

ఇల్లు విడిచిన బిడ్డలను గురించి మాట్లాడేటప్పుడల్లా మనకు తప్పిపోయిన కుమారుని కథే గుర్తుకొస్తుంది. ఇల్లు విడిచిన ప్రతి బిడ్డా ఆస్తి తగలేసేవాడే అన్నట్లు! నాకు మాత్రం తోబీతు గ్రంథం ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. మన కతోలిక బైబులులో ఉన్న ఈ చిన్న గ్రంథాన్ని మన ఇళ్ళలో అంతగా చదవరు. ఒకసారి తీసి చదవండి.

తోబీతు నీనెవె నగరంలో ప్రవాసి. చూపు పోయింది, పేదరికం వచ్చింది. ఎప్పుడో మేదియా దేశంలోని రాగీసు పట్టణంలో గబాయేలు అనే అతని వద్ద దాచిన పది తలాంతుల వెండి గుర్తుకొచ్చింది. దాన్ని తీసుకురమ్మని ఒక్కగానొక్క కొడుకు తోబియాను పంపాలనుకున్నాడు. కొడుకు వెంటనే సంచి సర్దుకోలేదు. ఆయనకు నేను తెలియదు, నాకు ఆయన తెలియదు, నన్ను నమ్మి డబ్బు ఎలా ఇస్తాడు, అసలు అక్కడికి దారి ఏది అని అడిగాడు. కొత్త ఊరికి వెళ్ళే మనిషికి ఉండవలసిన అనుమానాలు ఇవే. తండ్రి రాతపూర్వకమైన పత్రం సంగతి చెప్పాడు. ఆ తరువాత, నమ్మకమైన మనిషిని ఒకరిని వెతుకు, నీతో తోడు వచ్చి తిరిగి వచ్చేదాకా అతనికి కూలి ఇద్దాం అన్నాడు. తోడు దొరికాక ఆ వచ్చినవాడిని పిలిచి, ఏ గోత్రం, ఎవరి కుమారుడవు అని వివరంగా అడిగాడు. రోజుకు ఒక ద్రాక్మా కూలి, దారి ఖర్చులు వేరే అని మాట్లాడుకున్నాడు. వచ్చినవాడు రఫాయేలు దేవదూత అని తండ్రికీ తెలియదు, కొడుకుకూ తెలియదు.

తోబీతు భక్తిపరుడు. దేవుడు నీకు తోడుగా ఉంటాడు అని కొడుకును దీవించినవాడే. అయినా మనిషి తోడును కూడా వెతికాడు, దానికి కూలి ఖర్చు పెట్టటానికి సిద్ధపడ్డాడు. ఇంకొక సంగతి కూడా గమనించండి. తోడు వెతికింది కూతురికి కాదు, కొడుకుకు. మన ఇళ్ళలో అమ్మాయి పట్నం వెళతానంటే వంద ప్రశ్నలు వేస్తాం. అబ్బాయి వెళతానంటే చార్జీల డబ్బులు ఇచ్చి పంపిస్తాం. అమ్మాయిని అడిగే ప్రశ్నల్లో సగం తగ్గించి, ఆ సగం అబ్బాయిని అడిగితే ఇద్దరికీ మేలు జరుగుతుంది.

బిడ్డ బయలుదేరాక తల్లి అన్నా ఏడ్చింది. ఆ డబ్బు లేకపోతే ఏం, ఉన్నదానితో బ్రతకమా అని భర్తను నిలదీసింది. అటు దారిలో తోబియాకు ఎక్బటానాలో పెళ్ళి కుదిరింది. విందు 14 రోజులు సాగింది. ఇక్కడ నీనెవెలో తండ్రి పోవటానికి ఎన్నాళ్ళు, రావటానికి ఎన్నాళ్ళు అని రోజులు లెక్కపెడుతున్నాడు. తల్లి అన్నం మానేసి దారివైపు చూస్తూ ఉంది. తోబియాకు ఈ సంగతి తెలుసు. ఒక్కరోజు ఆలస్యమైనా తండ్రి ఎంత బాధపడతాడో అతనికి తెలుసు. అందుకే పెళ్ళి వేడుకలో ఉండి కూడా, రాగీసుకు పోయి డబ్బు తెమ్మని తోడువచ్చినవాడిని పంపాడు. నన్ను ఈ కథలో ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే. ఇంటి దగ్గర ఒకరు రోజులు లెక్కపెడుతున్నారన్న ఎరుక అతన్ని కట్టివేయలేదు. అతను వెళ్ళాడు, పెళ్ళి చేసుకున్నాడు, కొత్త మనుషులను కలుపుకున్నాడు. అయినా ఆ ఎరుక అతని నిర్ణయాల్లో ఉంది.

ఇంతవరకు చదివి, ఊళ్ళోనే ఉంటే పోలేదా, అక్కడ అందరూ అందరినీ ఎరుగుదురు కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటను అంత తేలికగా ఒప్పుకోలేం. ఊరు మనలో ఏమి ఎరుగుతుంది? ఎవరి మనుమడు, ఏ పేటవాడు, ఏ కులంవాడు అన్నది ఎరుగుతుంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ డాక్టర్ అంబేద్కర్ మన గ్రామాలను సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ, మతతత్వానికీ నిలయాలుగా నిర్మొహమాటంగా వర్ణించారు. పేటల నుండి వచ్చి మన దేవాలయాల్లో మోకరించే కుటుంబాలకు దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. టీ కొట్టులో తనకోసం విడిగా పెట్టిన గ్లాసును చూసిన తాత మనుమడికి, ఎవరూ పేరు అడగకుండా టీ పోసే పట్నం హోటలు ఎంత ఊపిరి ఇస్తుందో ఊహించండి. మొగుడి దెబ్బలు తాళలేక బయటపడిన చెల్లెలికీ అంతే. ఊరి కళ్ళనుండి తప్పుకోవటమే ఆమెకు రక్షణ. ఇటువంటివారిని, మీరు ఎందుకు వెళ్ళిపోయారు అని అడిగే అర్హత మనకు లేదు.

పట్నం మాత్రం పూర్తిగా మరచిపోనిస్తుందా? ఇల్లు అద్దెకు అడిగితే అక్కడా ఏదో ఒక రూపంలో 'మీరేమిట్లు?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. మాంసం వండుతారా అని అడుగుతారు. కనుక పట్నంలో కులం ఉండదనే భ్రమతో వెళ్ళవద్దు. మోసపోతావు.

ఎవరూ ఎరుగకపోవటంలోని రెండో ముఖం 2020 మార్చిలో మనందరం చూశాం. మార్చి 24 రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు. మరునాడు హైదరాబాదులో అనేక హాస్టళ్ళు అందులో ఉంటున్న యువతీ యువకులను ఖాళీ చేసి వెళ్ళమన్నాయి. రైళ్ళు లేవు, బస్సులు లేవు. పిల్లలు పాసుల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసులు చేతబట్టుకొని బయలుదేరినవారు జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు వద్ద ఆగిపోయారు. ఉన్న ఊరు ఉండనివ్వలేదు, సొంత రాష్ట్రం రానివ్వలేదు. చివరకు రెండు ప్రభుత్వాలు మాట్లాడుకొని, హాస్టళ్ళ వాళ్ళు ఎవరినీ ఖాళీ చేయించరాదని చెప్పవలసి వచ్చింది. అప్పటికి ఆ పిల్లల్లో ఏళ్ళతరబడి ఆ నగరంలో ఉంటున్నవారు కూడా ఉన్నారు. హాస్టలు రిజిస్టరులో పేరు ఉంది, ఆధారు నకలు ఉంది. 'మా ఇంటికి రా బాబూ, ఈ పది రోజులు ఇక్కడ ఉండు' అనే గడప ఒక్కటి లేకపోయింది. ఫీజు కట్టినంత మాత్రాన హాస్టలు మనల్ని ఎరిగిన ఇల్లు కాదు. దాని పని అది కాదు కూడా.

కనుక వెళ్ళబోయే తమ్ముడికి, చెల్లికి నేను చెప్పే మొదటి మాట ఇది. గది వెతుక్కున్నంత శ్రద్ధగా ఒక మనిషిని వెతుక్కో. అతను బంధువే కానక్కరలేదు. కూకట్‌పల్లిలో ఉన్న పిన్నిగారింట్లో హాల్లో పడుకొని, నెల తిరిగేసరికి ముఖాలు మాడ్చుకోవటం కంటే, పక్క ఊరివాడై మూడేళ్ళ ముందు వచ్చి స్థిరపడిన స్నేహితుడు మేలు కావచ్చు. నీ గది ఎక్కడో, ఎక్కడ పని చేస్తున్నావో, నీ రక్తం గ్రూపు ఏదో అతనికి తెలియాలి. ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే పక్కన ఉండి సంతకం పెట్టే మనిషి కావాలి. అతని నంబరు ఇంటి దగ్గర క్యాలెండరు మీద రాసి పెట్టు, ఫోనులో మాత్రమే కాదు. వీలైతే మొదటిసారి తోడుగా ఎవరినైనా తీసుకువెళ్ళి, వారం ఉండి, ఆ దారులు చూసుకొని, తిరిగివచ్చి అప్పుడు నిర్ణయించుకో. తోబియాకు దారి తెలిసిన తోడు దొరికాడు. నీకు ఫోనులో మ్యాపు దొరుకుతుంది. మ్యాపు దారి చూపిస్తుంది గాని, ఆ దారిలో ఏ గది మంచిదో, ఏ యజమాని మాటమీద నిలబడతాడో చెప్పదు.

డబ్బు సంగతి కొంచెం. అడ్వాన్సు కట్టిన ప్రతిచోటా రసీదు తీసుకో, ఖాళీ చేసేటప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పాలో, ఎంత తిరిగి ఇస్తారో ముందే అడుగు. ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడిగేవారికి ఇవ్వకు. ఒరిజినల్ సర్టిఫికెట్లను ఎవరి చేతిలోనూ హామీగా పెట్టకు. అవి పోతే నువ్వు ఆ ఊళ్ళో బందీవే. కూలిపనికి వెళ్ళేవారు రేషను పోతుందని బెంగపడనక్కరలేదు, అదే కార్డుతో దేశంలో ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి చార్జీలు, ఒక నెల తిండి ఖర్చు ఎప్పుడూ ముట్టుకోకుండా ఉంచుకో. ఆ కాస్త డబ్బు నీ దగ్గర ఉన్నంతకాలం, అన్యాయమైన పనికి 'నేను చేయను' అని చెప్పగల స్వేచ్ఛ నీకు ఉంటుంది.

దేనికోసం వెళుతున్నావో, దేన్ని తప్పించుకోవటానికి వెళుతున్నావో కూడా విడదీసి చూసుకో. అవమానం నుండి, హింస నుండి పారిపోవటం న్యాయమే. తాగుడు నుండో, అప్పు నుండో, తండ్రితో మాటా మాటా అనుకున్న కోపం నుండో పారిపోతే, అవి కూడా అదే బస్సు ఎక్కి వస్తాయి.

ఇక తల్లిదండ్రులారా, మీతో ఒక మాట. ఆచూకీ తెలియటం వేరు, కాపలా కాయటం వేరు. గంటకోసారి ఫోను చేసి, వీడియోలో గది నాలుగు మూలలూ చూపించమనే తల్లికి బిడ్డ నిజం చెప్పడు. అబద్ధం చెప్పటం నేర్చుకుంటాడు. అన్నా దారివైపు చూసింది, ఈనాటి తల్లి వాట్సాప్‌లో 'లాస్ట్ సీన్' చూస్తుంది. ప్రేమ ఒకటే, ఆత్రం ఒకటే. కాని బిడ్డ ఎప్పుడు పడుకున్నాడో తెలిసినంత మాత్రాన, అతను ఎలా ఉన్నాడో మనకు తెలిసినట్లు కాదు. వారానికి ఒకసారి తీరికగా మాట్లాడండి. మంచి కబురు చెప్పినప్పుడు మాత్రమే మురిసిపోయే అలవాటు మానుకోండి. 'ఉద్యోగం పోయింది నాన్నా' అని చెప్పగల బిడ్డను మీరు పట్నంలో కూడా కాపాడుకోగలరు.

అన్నిటికంటె బరువైన విషయం తిరిగి రావటం. మన ఊళ్ళలో పట్నం వెళ్ళటానికి దీవెనలున్నాయి. తిరిగి వచ్చినవాడికి మాత్రం 'ఏం ముఖం పెట్టుకొని వచ్చావు' అన్న మాటే దొరుకుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కోచింగుకు పంపిన ఇంట్లో ఈ మాట నోటితో అననక్కరలేదు, ఆ అప్పే అంటుంది. అందుకే తిరిగి రావటానికి వీల్లేనంత అప్పు చేసి బిడ్డను పంపించకండి. ఎన్నో మంచి ఇళ్ళ బిడ్డలు పరువు అనే ఆ ఒక్క మాటకు భయపడి, ఆకలిని, మోసాన్ని, కొన్నిసార్లు చావు ఆలోచనను కూడా గదిలోనే మింగుతున్నారు. మనసు అలా కుంగినప్పుడు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చని బిడ్డకు చెప్పండి. ప్రభుత్వం 2022 నుండి నడుపుతున్న ఉచిత సేవ అది. అయితే అంతకంటె ముందు వినవలసింది మీ నోటి మాట. బస్సు ఎక్కించే ముందే చెప్పండి: కుదరకపోతే వచ్చెయ్యి, తలుపు తీసే ఉంటుంది అని. తలచుకుంటే చిన్న మాటే. కాని తోబియా వెండి తెస్తాడని అన్నా దారి చూడలేదు, కొడుకు వస్తాడని చూసింది.

మన శ్రీసభ చట్టంలో ఒక నియమం ఉంది. చాలామందికి తెలియదు కనుక చెబుతున్నాను. 1983 నాటి చట్ట గ్రంథం 102వ నిబంధన ప్రకారం, ఒక విచారణ పరిధిలో మూడు నెలలు ఉండే ఉద్దేశంతో నివసించినా, లేదా మూడు నెలలు వాస్తవంగా గడిపినా, అక్కడ నీకు తాత్కాలిక నివాసం ఏర్పడినట్లే. దాంతో ఆ విచారణ గురువులు నీ సొంత గురువులవుతారు. ఎక్కడా నివాసం లేక తిరిగేవాడిని కూడా ఆ చట్టం వదిలిపెట్టలేదు. అప్పటికి ఏ విచారణలో ఉంటే ఆ గురువులే అతని గురువులు అంటుంది. అంటే నిన్ను ఎవరూ ఎరుగకపోయినా, నీవారనదగినవారు అక్కడ అప్పటికే ఉన్నారు. నువ్వు చేయవలసింది వెళ్ళి పేరు చెప్పటం. జ్ఞానస్నాన పత్రం నకలు వెంట తీసుకుపో. రేపు పెళ్ళి ప్రకటనలు వేయవలసి వచ్చినప్పుడు నీ గురించి సాక్ష్యం చెప్పే మనిషి ఆ విచారణలో ఉండాలి కదా.

పెద్ద దేవాలయాల్లో ఒక చిక్కు ఉంది. సికిందరాబాదు సెయింట్ మేరీస్ బసిలికాలోనో, గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసఫ్ కతీడ్రల్‌లోనో వందలమంది మధ్య కూర్చొని, సత్ప్రసాదం తీసుకొని, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా బయటికి వచ్చేయవచ్చు. సిటీ బస్సులో ఉన్నంత ఒంటరిగా బల్లమీద కూడా ఉండవచ్చు. కనుక దగ్గరలోని ఒక గుడినే ఎంచుకో. ప్రతి ఆదివారం అదే వేళ పూజకు వెళ్ళు, వీలైతే ఒకే వైపు కూర్చో. పాటల గుంపులో చేరు, లేదా పూజయ్యాక చాపలు మడతపెట్టటానికి చేయి వెయ్యి. మనుషులు ముఖాలను గుర్తుపట్టటానికి కొన్ని వారాలు పడుతుంది, తొందరపడకు.

పట్నంలో ముందుగా స్థిరపడిన కుటుంబాలు కూడా ఈ పత్రికను చదువుతున్నాయి. మీ గుడిలో వెనుక తలుపు దగ్గర నిలబడి, పూజ ముగియకముందే వెళ్ళిపోయే కుర్రవాడిని మీరు చూసే ఉంటారు. ఊళ్ళో అలవాటు కొద్దీ 'ఎవరి అబ్బాయివి?' అని మొదలుపెట్టకండి. కొందరు ఆ ప్రశ్న నుండి తప్పుకొనే ఇంత దూరం వచ్చారు. పేరు అడగండి, ఎక్కడ ఉంటున్నాడో అడగండి, మధ్యాహ్నం భోజనం ఎక్కడ అని అడగండి. నాలుగు వారాలు కనిపించిన ముఖం ఐదో వారం కనిపించకపోతే ఫోను చేసి కనుక్కోవాలి, దానికి ఆ నంబరు మీ దగ్గర ఉండాలి. వచ్చే ఆదివారం పూజ అయ్యాక, అతను గేటు దాటకముందే అడిగి రాసుకోండి.